గోడ మీద మంచుబండి

రోజు 1

వారసత్వ తరగతి చెప్పే ప్రతి టీచరూ చిట్టా రాయాలని విద్యామండలి ఉత్తర్వు. ఎవరు చదువుతారని అడిగాను. "భద్రపరుస్తామండీ" అన్నారు. భద్రపరచడమంటే ఎవరూ చదవరని అర్థం. నేనూ పుస్తకం రాసినదాన్నే, ఆ మాత్రం తెలుసు. అందుకని నిర్భయంగా రాస్తున్నాను.

పేరు సవర సుక్కమ్మ. వయసు భూమి లెక్కన డెబ్బై ఒకటి. ఇక్కడి ఏడాది పొడుగు కాబట్టి ఇక్కడి లెక్కన ముప్పై ఎనిమిది. నన్ను ముసలిదని ఎవరైనా అంటే ఈ రెండో అంకె చూపిస్తాను. ఊరు అంగారకుడి మీద ఎర్రమెట్ట, మూడో గుమ్మటం. విద్యార్థులు ఏడుగురు. అందులో ఒకతె నా మనవరాలు సుంబురి. తొమ్మిదేళ్లది, నోరు నాది, మొండితనం వాళ్ల తాతది.

సంగతేమిటంటే, నలభయ్యో రోజున మండలి నుంచి పరిశీలకురాలు వస్తుంది. ఎర్రమెట్టలో ఉన్న పదకొండు వారసత్వ తరగతులూ పిల్లల చేత ఒక్కో పని చేయించి చూపించాలి. ఆ పని అసలైనదేనని విజ్ఞాన భాండారం ఒప్పుకోవాలి. భాండారమంటే గోడల్లోంచి మాట్లాడే గొంతు. లోకంలో రాసిన ప్రతిదీ దానికి తెలుసు, రాయనిదేదీ లేదనుకుంటుంది. అది ఒప్పుకోకపోతే తరగతి రద్దు. పిల్లల్ని 'గిరిజన సంస్కృతి, సాధారణం' అనే పాఠంలో కలిపేస్తారు. వారానికి అరగంట, భాండారమే చెబుతుంది. ఆ పాఠం తెప్పించుకుని విన్నాను. సవరలకు నాలుగు నిమిషాలు. అందులో ఒక నిమిషం సంగీతం.

మేం ఎడిసింగ్ వేస్తాం. చచ్చిపోయిన మనవాళ్లు వచ్చి కూర్చోడానికి ఇంటి గోడ మీద వేసే బొమ్మ. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో ఒక ఇల్లు, ఆ ఇంటినిండా మనుషులు, జంతువులు, సామాన్లు. మా తాతల కొండల్లో ప్రతి ఇంట్లో ఉండేది. ఇక్కడికొచ్చి భూమి లెక్కన ముప్పై ఎనిమిదేళ్లయినా ఎవరూ ఒక్కటీ వెయ్యలేదు. నేనూ వెయ్యలేదు.

రోజు 3

ఎర్రమట్టి అడిగితే భద్రతా శాఖ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. కిటికీలోంచి చూస్తే కనుచూపు మేరా ఎర్రమట్టే, చిటికెడు లోపలికి తేకూడదు. అందులో విషపు ఉప్పు ఉంటుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇంత ఎర్రమట్టి మధ్య కూర్చుని ఎర్రమట్టికి మొహం వాచిన సవరలం మేమే అయ్యుంటాం.

నీళ్ల శాఖలో కాశీం భాయ్ ఉన్నాడు. మా ఆయన జమ్మయ్యతో పాతికేళ్లు పనిచేసినవాడు. ఆయన దగ్గరికి పోయాను.

"ఎన్నిసార్లు కడిగితే ఈ మట్టి పిల్లలు ముట్టుకోవచ్చు?"

"ఏడుసార్లు, వదినా. ఆ తర్వాత కాల్చాలి. కానీ అన్ని నీళ్లు ఎక్కడివి?"

"మీరు స్నానం చేసిన నీళ్లు ఎటు పోతున్నాయి?"

"శుద్ధి చేసి మళ్లీ తాగుతున్నాం."

"తాగే ముందు ఒకసారి మా మట్టి మీదగా పోనియ్."

ఆయన చాలాసేపు నవ్వాడు. "జమ్మయ్య మీ గురించి చెప్పినవన్నీ అబద్ధాలనుకునేవాణ్ణి" అన్నాడు. ఏం చెప్పాడో నేను అడగలేదు. మట్టి మాత్రం పంపుతానన్నాడు.

రోజు 8

మట్టి వచ్చింది. నాలుగు బస్తాలు. తడిపి పిసికి బడి వసారా గోడకు అలికాం. ప్లాస్టిక్ పలక మీద మట్టి నిలవదని భాండారం హెచ్చరించింది. మొదటిసారి నిలవలేదు. రెండోసారి పంటల గుమ్మటం నుంచి తెచ్చిన గోధుమ పొట్టు కలిపి కొట్టాం, నిలిచింది.

పుట్టి బుద్ధెరిగాక ఈ పిల్లలు మట్టి ముట్టుకోవడం ఇదే మొదలు. మొదట వేలితో తాకి, వాసన చూసుకుని, నా మొహం చూశారు. నేను మోచేతుల దాకా ముంచేశాను. అంతే, ఇంక వాళ్లను ఆపడానికి దేవుళ్లు దిగిరావాలి. లచ్చాయి చెవుల్లో మట్టి. మంగడి నోట్లో మట్టి. సుంబురి గోడకు తన రెండు చేతుల ముద్రలూ కొట్టి, "మామ్మా, గోడ సల్లగా ఉంది, ఊపిరి తీత్తన్నట్టుంది" అంది.

బియ్యం తలా గుప్పెడు ఇంటి నుంచి తెమ్మన్నాను. రేషన్ బియ్యం గోడకు పూయడమేమిటని లచ్చాయి తల్లి అడగడానికి వచ్చింది. అడగడానికి వచ్చిన మనిషి వెళ్లేటప్పుడు మోకాళ్ల దాకా మట్టితో వెళ్లింది.

ఈ చిట్టాలో ఉత్సాహం కనబడకూడదని అనుకున్నాను. కనబడితే కనబడనీ.

రోజు 11

నానబెట్టిన బియ్యం రుబ్బాం. వెదురు పుల్ల చివర నమిలి కుంచె చెయ్యడం నేర్పాను. పళ్లూడినవాళ్లకు పక్కవాళ్లు నమిలిపెట్టారు.

గోడ మీద వేసే ముందు పలక మీద సాధన చెయ్యమన్నాను. చకచకా వేసేశారు. సూర్యుడు, చంద్రుడు, నెమలి, ఉడుము, పులి, దువ్వెన, సైకిలు. గీతలు పొందిగ్గా ఉన్నాయి.

"ఇవన్నీ ఎక్కడ నేర్సుకున్నారే?"

"భాండారం సెప్పింది" అన్నాడు మంగడు. "అరవై నాలుగున్నాయి మామ్మా. నాకన్నీ వొచ్చు. సూర్యుడంటే శక్తి. నెమలంటే అందం. దువ్వెనంటే స్త్రీ."

"దువ్వెనంటే దువ్వెన. సచ్చిపోయినావిడికి తల దువ్వుకోవాలనుండదేటి?"

ఏడుగురూ నోళ్లు తెరిచారు. అలాంటి సంగతి పట్టికలో లేదు.

"ఈ చెత్త ఎవడు రాశాడు?" అని గోడను అడిగాను.

భాండారం మర్యాదగా జవాబు చెప్పింది. "సవర సుక్కమ్మ. 'సవర చిత్రలిపి: అరవై నాలుగు సంకేతాల నిఘంటువు.' డాక్టరేట్ పరిశోధన గ్రంథం. దువ్వెన ఎనభై ఎనిమిదో పేజీలో ఉంది. చదవమంటారా?"

"అక్కర్లేదు" అన్నాను.

పిల్లలు నా వంక చూశారు. నేను గోడ వంక చూశాను. పాఠం పావుగంట ముందే ముగిసింది.

రోజు 16

గోడ మీద ఇల్లు గీశాం. పెద్ద చదరం, అంచుల వెంట వాలుగీతలు, లోపల వరసలు. వరసల్లో చేతులు పట్టుకుని ఆడేవాళ్లు, డప్పు కొట్టేవాడు, కుండ మోసే ఆవిడ. మధ్యలో ఒక టోపీవాడిని నేనే వేశాను.

"నలభై ఒకటో గుర్తు. అధికారం" అన్నాడు మంగడు.

ఈసారి పుస్తకం పక్కన పెట్టి మా ముత్తాత కథ చెప్పాను. కొండ వాలు మీద చెట్టు కొట్టి, తగలబెట్టి, ఆ బూడిదలో జొన్న చల్లుకునే రోజులవి. అడవి సర్కారుదని ఒకరోజు టోపీ పెట్టుకున్న మనిషొచ్చి చెప్పాడు. ముత్తాతకు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా కొట్టారు. ఆయన పోయాక గోడ మీద బొమ్మ వేసినవాళ్లు టోపీవాణ్ణి కూడా వేశారు.

"కొట్టినోణ్ణి ఎందుకేసినారు?" సుంబురికి కోపం వచ్చింది.

"టోపీవోడి సేతిలో ఏటుందో సూడు."

"గొడుగు."

"ఆ గొడుగు ఎవులికి పడతన్నాడు?"

పిల్ల గోడకు ముక్కు ఆనించి చూసింది. "తాతకి."

"బతికున్నప్పుడు కొట్టినాడు. ఇప్పుడు గోడ మీద ఎండా వానా తగలకుండా మన తాతకి గొడుగు పట్టుకు నిలబడినాడు. సెయ్యి నొప్పెట్టినా దించడానికి నేదు."

వసారా గోలెత్తిపోయింది. లచ్చాయి టోపీవాడికి ఇంకో గొడుగు ఇచ్చింది, రెండో చేతికి. మంగడు వాడి టోపీ మీద పిట్టను కూర్చోబెట్టాడు. పక్క తరగతి టీచరు చప్పుడెందుకని చూడ్డానికి వచ్చింది. చరిత్ర పాఠమని చెప్పాను. నమ్మలేదు.

మనం ఇక్కడికెందుకొచ్చామని ఎవరో అడిగారు. ఏ అడవిలో ఉన్నా పొమ్మంటున్నారు కాబట్టి, అడవే లేనిచోటికి వచ్చామని చెప్పాను. ఇది కొంత హాస్యం, కొంత నిజం. పాళ్లు ఎంతెంతో పెద్దయ్యాక వాళ్లే తేల్చుకుంటారు.

రోజు 22

ఇవాళ నేను చేసిన పని రాయాలని లేదు. రాస్తున్నాను.

ఒక్కొక్కరూ తమ ఇంట్లో పోయినవాళ్లను వెయ్యమన్నాను. సుంబురి వాళ్ల తాతను వేసింది. జమ్మయ్య ధ్రువం దగ్గరి గోతుల నుంచి మంచు తెచ్చే బండి నడిపేవాడు. ఈ ఊరు తాగిన నీళ్లు సగం ఆయన తెచ్చినవే. పదకొండేళ్ల కిందట గోతి అంచు విరిగి బండితో సహా పోయాడు. సుంబురి ఆయన్ని చూడలేదు. అయినా ఎంత బాగా వేసిందంటే, తలమీద గుండ్రటి శిరస్త్రాణం, వీపున గాలి సీసా, కింద బండి, బండి మీద మంచుదిమ్మలు. ఆయన బండి దిగి వచ్చేస్తాడేమో అనిపించింది.

ఆ వెంటనే నాకు గుర్తొచ్చింది నలభయ్యో రోజు. అరవై నాలుగు గుర్తుల్లో మంచుబండి లేదు. గాలి సీసా లేదు. భాండారం ఒప్పుకోదు.

"ఇది వద్దు. తాతకి గుర్రం ఎయ్" అన్నాను. "గుర్రం పట్టికలో ఉంది."

"తాత గుర్రమెక్కినాడా?"

"నేదు."

"మరి?"

తడిగుడ్డతో తుడిచేశాను.

పోయినవాళ్ల కోసం వేసినదాన్ని తుడవకూడదు. కావాలంటే పక్కన ఇంకోటి వెయ్యాలి. ఆ సంగతి నాకు తెలియక కాదు. నా పుస్తకంలో నూట మూడో పేజీలో ఉంది, అడుగున చిన్న అక్షరాల్లో.

రోజు 23

ఏడుగురూ వచ్చారు. ఏడుగురూ గుర్రాలు వేశారు. పన్నెండు గుర్రాలు, అన్నీ పట్టికలో ఉన్నట్టే. ఒక్కడూ మట్టి పూసుకోలేదు.

సుంబురి ఇంటికొస్తూ దారిలో ఒక్క మాట అడిగింది. "గుర్రం తాతకి తోలడం రాదు కదా మామ్మా. మరి ఏటెక్కి వత్తాడు?"

రోజు 25

నా పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. ఇరవై తొమ్మిదేళ్ల పిల్ల రాసింది. వాక్యాలు బాగున్నాయి. అహంకారం ఇంకా బాగుంది. ముగింపులో ఇలా ఉంది: "ఈ అరవై నాలుగు సంకేతాలతో సవర చిత్రలిపి సంపూర్ణం." డాక్టరేట్ ఇచ్చేవాళ్లకు సంపూర్ణం అనే మాట ఇష్టం.

ఆ తర్వాత అనుబంధం తెరిచాను. బొమ్మలు వేసే పెద్దాయన దుమ్మన్న దగ్గర కూర్చుని నేను రాసుకున్న ప్రశ్నోత్తరాలు అందులో ఉన్నాయి. ఈ గుర్తుకు అర్థమేమిటని ఒక్కొక్కటే అడిగాను. ప్రతిదానికీ ఆయన ఒకటే మాటతో జవాబు చెప్పాడు: "ఎవులికి?"

అరవై నాలుగుసార్లు అడిగాను. అరవై నాలుగుసార్లు "ఎవులికి?" అన్నాడు. అన్నిచోట్లా పక్కన నేను రాసుకున్నది: "వివరణకు నిరాకరించాడు."

పాపం, ఆ ముసలాయన అడిగినప్పుడల్లా జవాబు చెప్పాడు. నాకు వినబడలేదు. అర్థాలు నేనే కల్పించి నింపాను.

రోజు 26

పిల్లల్ని గోడ ముందు కూర్చోబెట్టి క్షమించమని అడిగాను. టీచర్లు ఇలా అడగడం వాళ్లకు కొత్త. మంగడు తెగ ఇబ్బందిపడి, "పర్లేదు మామ్మా, మా నాన్న కూడా తప్పులు సేత్తాడు" అన్నాడు.

"పట్టిక మర్చిపోండి" అన్నాను. "మీవోలికి ఏటి కావాలో అది వెయ్యండి. ఇదేటని ఎవులైనా అడిగితే, ఎవులికని అడగండి."

సుంబురి ఆ మాట పూర్తయ్యేదాకా కూడా ఆగలేదు. నేను తుడిచినచోట ఎరుపు కాస్త వెలిసింది. దాని పక్కనే మంచుబండి మళ్లీ మొదలెట్టింది, ఈసారి ముందుకన్నా పెద్దది. లచ్చాయి వాళ్ల అత్తకు ఏతాం వేసి, ఇక్కడ బావి లేదని గుర్తొచ్చి, దానికి గొట్టం తగిలించింది. మంగడు వాళ్ల చిన్నాన్నకు గుమ్మటం తలుపు వేశాడు, రెండు వరసల తలుపు, మధ్యలో గాలి గది. చచ్చినవాడికి గాలి గది ఎందుకురా అంటే, "లోపలికి రావాలి గదా" అన్నాడు. నిజమే. తలుపు లేకపోతే ఎలా వస్తాడు?

గంట కొట్టినా ఎవరూ లేవలేదు. నేనూ లేవలేదు. నా చేతులకు పిండి.

రోజు 33

నమూనా పరీక్ష. గోడను భాండారానికి చూపించాను.

"పోలిక ముప్పై ఎనిమిది శాతం. మంచుబండి, గాలి సీసా, గొట్టం, రెండు వరసల తలుపు సవర చిత్రలిపికి చెందవు. ఆధారం: సవర సుక్కమ్మ, ముగింపు అధ్యాయం."

"నేనే ఆ సుక్కమ్మను. తప్పు రాశానని చెబుతున్నాను."

"గుర్తించాను. రచయిత అభిప్రాయం మార్చుకున్నంత మాత్రాన గ్రంథం మారదు. దాన్ని ఖండించే సాక్ష్యం కావాలి."

బతికుండగానే నాకంటే నా పుస్తకానికి విలువెక్కువైంది. ఈ గౌరవం అందరికీ దక్కదు.

ఏడు రోజులే ఉన్నాయి. కొత్తవన్నీ తుడిచేసి గుర్రాలతో నింపితే తొంభై శాతం దాటుతుంది, తరగతి నిలబడుతుంది. పిల్లల్నే అడిగాను. తుడుద్దామా, ఉంచుదామా? ఉంచితే వచ్చే నెల నుంచి నాలుగు నిమిషాలే.

సుంబురి చెప్పింది: "తుడిసేత్తే ఆ నాలుగు నిమిషాలు కూడా మనవి కావు."

పిల్లదానికి నోరు నాదని ముందే రాశాను.

రోజు 40

పరిశీలకురాలి పేరు తాడికొండ నీరజ. ముప్పై ఏళ్లుంటాయి. చెప్పులు బయట విడిచి వచ్చింది, అందుకు ఒక మార్కు వేశాను. గోడ ముందు చాలాసేపు నిలబడి, టోపీవాడి రెండు గొడుగులు చూసి నవ్వు ఆపుకుంది. ఇంకో మార్కు.

పిల్లల తల్లులు, తండ్రులు, కాశీం భాయ్ అందరూ వసారాలో కిక్కిరిసి ఉన్నారు. భాండారం తన ముప్పై ఎనిమిది శాతం మళ్లీ చదివింది.

"సుక్కమ్మ గారూ, నాకు చాలా నచ్చింది" అంది నీరజ. "కానీ నిబంధన ప్రకారం భాండారం ఒప్పుకోవాలి. మీ పుస్తకమే మీకు అడ్డం వస్తోంది. అది తప్పంటారా?"

"పుస్తకం బాగానే ఉందమ్మా. రాసినదానికే ఏమీ తెలీదు."

"ఇంకేమైనా చూపిస్తారా? ఇది పూర్తయినట్టేనా?"

"లేదు. ఇంకా అడగలేదు."

"ఎవర్ని?"

"ఎవరి కోసం వేశామో వాళ్లని."

అది ఆఖరి పని, పదిమంది ముందు చెయ్యాలి. ఆకులో గుప్పెడు బియ్యం, చెంబుతో బెల్లపు నీళ్లు పెట్టాం. కొండల్లో అయితే కల్లు పెడతారు, బడిలో బాగోదు. అక్కడ ఎజ్జోడు, అంటే పూజలు చేసే పెద్ద, బొమ్మ ముందు కూర్చుని పిలుస్తాడు. పోయినవాళ్లు ఆయన నోటితో మాట్లాడతారు. ఇక్కడ ఎజ్జోడు లేడు. సుంబురి కూర్చుంది. నేను అలవాటు ప్రకారం పక్కన కుర్చీలో, చేతిలో కాగితంతో కూర్చున్నాను. ఇలాంటివి నూటికి పైగా చూశాను, అన్నీ ఆ కుర్చీలోంచే.

"తాతా" అంది సుంబురి. "నీ ఇల్లు ఇది. వొచ్చి సూసుకో. ఏటి తక్కువైనాది?"

గాలి యంత్రం చప్పుడు వినబడింది. సుంబురి మళ్లీ అడిగింది. ఆ తర్వాత వెనక్కి తిరిగి నా వంక చూసింది. ఏడుగురూ చూశారు. పిల్లల చేత అడిగించాను, జవాబు చెప్పే మనిషి గురించి ఆలోచించనే లేదు. జమ్మయ్యను బతికుండగా చూసినవాళ్లు పిల్లల్లో ఎవరూ లేరు.

కాగితం కింద పెట్టి కుర్చీ దిగాను. నేల మీద కూర్చున్నాను. ఏం చెప్పాలో తెలియదు. నోరు తెరిస్తే వచ్చిన యాస నాది కాదు. ఆయన సాగదీసి మాట్లాడేవాడు, ప్రతి మాట చివరా కాస్త వెక్కిరింపు.

"బండికి సక్రాలెన్నేసినావే గుంటా?"

సుంబురి వేలితో లెక్కపెట్టింది. "నాలుగు, తాతా."

"నాలుగు సక్రాల్తో ఆ గొయ్యి ఎక్కుతాదేటే? నా బండికి ఆరు. ఆరూ నేనే బిగించినాను. ఎయ్."

పిల్ల ఉరికింది. కొత్త బండ్లకు నాలుగే చక్రాలు. వాళ్లు చూసినవి అవే. ఇంకో రెండు చక్రాలు గుండ్రంగా వేసింది.

"వేసినాను తాతా. ఇంకేటి తక్కువైనాది?"

"పక్క సీట్లో ఒకతి కూకునేది. కళ్లముందు అంత కొండ ఉంటే తలెత్తి సూసేది కాదు, పుస్తకం సదువుకునేది. ఆ మారాణి ఏదీ?"

ముందు కాశీం భాయ్ నవ్వాడు. తర్వాత వసారా అంతా నవ్వింది. నేనూ నవ్వుతున్నాను, ఆ నవ్వులో ఎన్ని నీళ్లున్నాయో ఈ చిట్టాకు అనవసరం. సుంబురి బండిలో ఒక ఆడమనిషిని కూర్చోబెట్టి చేతిలో పుస్తకం పెట్టింది. ముక్కు మరీ పొడుగ్గా వేసింది. అభ్యంతరం చెప్పలేదు, అడుగుతున్నది ఆయన, నేను కాదు.

ఆ తర్వాత ఎవరినీ ఆపలేకపోయాం. లచ్చాయి తల్లి ముందుకొచ్చి కూర్చుని, గొట్టం సరే, తన ఆడపడుచుకు టీ గ్లాసేదని అడిగింది. మంగడి తండ్రి తమ్ముడి గొంతుతో తలుపును తిట్టాడు, ఇంత సన్నటి తలుపులోంచి ఈ పొట్ట ఎలా దూరుతుందని. మంగడు తలుపు వెడల్పు చేశాడు. పుల్లలు చాలలేదు, వేళ్లతోనే వేశారు.

"మనవి" అంది భాండారం. "పని మధ్యలో మారుతోంది. పోల్చడానికి మారని ప్రతి కావాలి."

నీరజ గోడ మీంచి కళ్లు తిప్పకుండా అడిగింది. "కొండల్లో బొమ్మ వేసేటప్పుడు తీసిన రికార్డింగులు నీ దగ్గర ఉన్నాయా?"

"నూట పన్నెండు. సవర సుక్కమ్మ సేకరణ. గ్రంథంలో వీటి ప్రస్తావన లేదు."

"వాటిలో అడిగాక బొమ్మ మారనివి ఎన్ని?"

భాండారం జవాబుకు ఎప్పుడూ రెప్పపాటు పట్టదు. ఇప్పుడు నేను పదకొండు దాకా లెక్కపెట్టాను.

"సున్నా."

"ప్రతిసారీ ఏదో ఒకటి తక్కువైందన్నారా?"

"ప్రతిసారీ. గొడుగు, గుర్రం, సైకిలు, ఒకచోట విమానం. అవి చేర్చాకే ఎజ్జోడు లేచాడు."

"అలాంటప్పుడు మారని ప్రతి అడుగుతావేం?" అంది నీరజ. నా వంక తిరిగింది. "ఇది మీకు తెలుసా అండీ?"

"చూశాను. నూట పన్నెండుసార్లు చూశాను. ఇవాళ తెలిసింది. ఏ వంకా పెట్టడానికి లేని బొమ్మంటే, ఎవరూ వచ్చి చూసుకోలేదన్నమాట."

ఆమె తన పలక మీద ఏదో రాసుకుంది. మొహం చూసి ఏమీ కనిపెట్టలేకపోయాను. మంచి టీచరయ్యేది.

రోజు 43

ఉత్తరం వచ్చింది. వసారాలో పైకి చదివాను.

సవర తరగతికి ఆమోదం. ఇకమీదట ఎడిసింగ్‌ను గుర్తుల పట్టికతో కాక, అడిగే పద్ధతితో పోలుస్తారు. ఆధారం: నూట పన్నెండు రికార్డింగులు, వాటికి తోడు ఎర్రమెట్ట మూడో గుమ్మటం, సవర సుంబురి, తొమ్మిదేళ్లు, మరో ఆరుగురు. నా పుస్తకం భాండారంలోనే ఉంటుంది, చరిత్ర విభాగంలో.

అరుపులకు పక్క తరగతి టీచరు మళ్లీ వచ్చింది. ఈసారి ఏమిటని అడగలేదు, పుల్ల ఇమ్మంది.

ఉత్తరం చివర ఒక షరతు ఉంది. గోడచిత్రం తుది ప్రతిని మూడు రోజుల్లోగా భాండారానికి పంపాలి.

నేను ఫొటో తీసి జవాబు రాస్తుండగా మంగడు చెయ్యి పట్టి లాగాడు. వాళ్ల చిన్నాన్న కుక్కను అడుగుతున్నాడట. నలుపుదా తెలుపుదా అని వాడికీ లచ్చాయికీ కొట్లాట. వాళ్లను విడదీసి వచ్చి జవాబు ముగించాను:

"అయ్యా, తుది ప్రతి లేదు. మంగళవారం ఉదయం ప్రతి ఉంది. జత చేస్తున్నాను. ఇట్లు, సవర సుక్కమ్మ."